గల్ఫ్ యుద్ధంలో బజారు జీపీఎస్ పరికరాలు

ప్రశ్న: 1991 గల్ఫ్ యుద్ధంలో అమెరికా సైనికులు పౌరుల కోసం తయారైన జీపీఎస్ రిసీవర్లను వాడారని చదివాను. అంతటి సైన్యానికి సొంత పరికరాలు లేకపోయాయా?

జవాబు 1: ఉన్నాయి గానీ చాలలేదు. అందుకే ట్రింబుల్, మాగెలన్ సంస్థల రిసీవర్లను వేల సంఖ్యలో కొన్నారు; కొందరికైతే ఇంటివాళ్లే కొని పంపారు. ఆనవాలుకు చెట్టయినా లేని ఇసుక మైదానంలో, వాహనం లోపల టేపుతో అతికించుకున్న ఆ చిన్న పెట్టె చూపే అంకెలే దారి చూపాయి.

జవాబు 2: ఇందులో ఒక తమాషా ఉంది. ఉపగ్రహాలు పౌరుల కోసం పంపే జీపీఎస్ సంకేతంలో సుమారు 100 మీటర్ల తేడా వచ్చేలా అమెరికా కావాలనే పొరపాటు కలిపేది. తన సైనికుల చేతుల్లోనే ఆ పరికరాలు ఉండడంతో, యుద్ధకాలంలో దాన్ని తానే ఆపవలసి వచ్చింది. 2000 మే నెలలో ఆ పద్ధతిని పూర్తిగా మానేశారు.

ప్రశ్న అడిగినవారు: మరి ఇప్పుడు సైనికులు ఫోన్లు వాడితే అభ్యంతరం ఎందుకు?

జవాబు 3: ఆ రిసీవర్ ఉపగ్రహాల సంకేతాలను వినేదే తప్ప పలికేది కాదు; ఫోను, స్మార్ట్ వాచీ అలా కావు, తామున్న చోటును బయటికి పంపగలవు. పరుగు, సైకిల్ వ్యాయామాలను నమోదు చేసే యాప్ నడిపే స్ట్రావా సంస్థ ప్రచురించిన వ్యాయామాల పటంలో, సైనికులు రోజూ పరుగెత్తే దారుల వల్ల స్థావరాల ఆకారాలే గీతలు గీసినట్టు కనిపిస్తున్నాయని 2018 జనవరిలో బయటపడింది.