ఎన్‌ఫ్యూజ్ ప్యాకేజీ విగ్రా దగ్గర ఆగిపోతోంది, సాయం చేయగలరా?

అందరికీ నమస్కారం. మాది విజయవాడ. మొన్న సాయంత్రం సీతానగరం ఒడ్డు నుంచి ప్రకాశం బ్యారేజీని మూడు ఎక్స్‌పోజర్లలో (వేర్వేరు వెలుతురు అమరికలతో) తీశాను. ఒకదానిలో ఆకాశం తెల్లగా పాలిపోయింది, మరొకదానిలో గేట్లన్నీ చీకట్లో కలిసిపోయాయి. మూడింటినీ ఎన్‌ఫ్యూజ్‌తో (ఇలాంటి ఫొటోలను ఒకటిగా కలిపే ప్రోగ్రాము) కలిపితే పడమటి ఎరుపూ, గేట్ల మీది తడి మెరుపూ ఒకే ఫొటోలో నిలిచాయి. చూసినప్పటి నుంచి మా ఫొటో బృందం పిల్లలందరికీ ఈ ప్రోగ్రామును అందించాలని పట్టుదల.

డెబియన్ అనే లినక్స్ వ్యవస్థలో ఎన్‌ఫ్యూజ్, దాని జంట ప్రోగ్రాము ఎన్‌బ్లెండ్ ఇప్పటికే ఉన్నాయి. కానీ సహాయ సందేశాలను నేను తెలుగులోకి మార్చాను. దానిది జీపీఎల్ అనే స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్ లైసెన్సు కాబట్టి మార్చి పంచుకోవచ్చు. అందుకే సొంతంగా డెబ్ ఫైలు (డెబియన్‌లో ఇన్‌స్టాల్ చేసే ప్యాకేజీ) తయారుచేస్తున్నాను.

చిక్కు ఇక్కడే వచ్చింది. ఎన్‌ఫ్యూజ్‌కు కావలసిన విగ్రా అనే ఇమేజ్ లైబ్రరీని సోర్సు నుంచి కంపైల్ చేసి యూఎస్ఆర్ లోకల్ ఫోల్డర్‌లో పెట్టాను. ప్రోగ్రాము నా కంప్యూటర్‌లో చక్కగా నడుస్తోంది. ప్యాకేజీ కట్టేటప్పుడు మాత్రం డీపీకేజీ షెలిబ్‌డెప్స్ (ప్రోగ్రాముకు ఏయే లైబ్రరీ ప్యాకేజీలు కావాలో చూసే పనిముట్టు) ఆ లైబ్రరీ ఏ ప్యాకేజీకి చెందినదో తెలియక ఆగిపోతోంది. ఆ తనిఖీని దాటవేస్తే డెబ్ తయారైంది, కానీ వేరే కంప్యూటర్‌లో విగ్రా ఫైలు దొరకలేదంటూ ఎన్‌ఫ్యూజ్ తెరుచుకోలేదు.

నా విగ్రాను తీసేసి డెబియన్ వారి డెవలప్‌మెంట్ ప్యాకేజీతో మళ్లీ కంపైల్ చేస్తే సరిపోతుందా, లేక విగ్రాను స్టాటిక్‌గా, అంటే ప్రోగ్రాము ఫైలులోనే కలిపేయడం మేలా? మాన్యువల్ తయారీ కోసం లేటెక్ (పత్రాలు కూర్చే సాఫ్ట్‌వేర్) అంతా దించుకోవలసి వస్తోంది, మాన్యువల్‌ను వేరే ప్యాకేజీగా విడదీయవచ్చా? అనుభవం ఉన్నవారు దయచేసి చెప్పండి. కావాలంటే ప్యాకేజీ వివరాలు, తయారీ సూచనలు ఉండే కంట్రోల్, రూల్స్ ఫైళ్లు రెండూ ఇక్కడే పెడతాను.