మామకు తెలుగుల టైప్ చేయమని ఎట్ల చెప్పాలె?

అన్నలూ, అక్కలూ, జర ఒక సలహా చెప్పండి. నేను నల్లగొండల ఉంట, మా మేనమామది గుర్రంపోడు దిక్కు బత్తాయి తోట. ఆయన వాట్సాప్‌ల తెలుగంతా ఇంగ్లీషు అక్షరాలల్లనే కొడతడు. మొన్న "తోటల పండి ఉన్నది, జల్ది రా" అని పెట్టిండు. ఆ అక్షరాలల్ల పండికి, పందికి తేడా ఏముంటది? నేను కట్టె పట్టుకొని, ఇంకో ఇద్దరిని వెంటేసుకొని పోయిన. ఆడ పంది లేదు, బత్తాయి కాయ పండి ఉన్నది. ఇప్పటికీ ఇంట్ల అందరు నవ్వుతున్నరు.

ఇంకోటి, ఒక మాటను నాలుగు ముక్కలు చేసి పంపుతడు. "అల్లుడు", "నేను", "రేపు", "వస్త". నాలుగు సార్లు ఫోన్ మోగుతది. మా చెల్లె అయితే ఎంత రాసినా "ఊ" అంటది, గది వేరే కథ.

ఫోన్ల టైప్ చేసే గూగుల్ కీబోర్డు, జీబోర్డుల తెలుగు పెట్టిస్త, మైకు నొక్కి మాట్లాడితే అదే రాస్తది అన్న. "నాకు సదువు రాదనుకున్నవారా" అని అలిగిండు. పెద్దమనిషి, గట్టిగ అనలేను. మీ ఇండ్లల్ల పెద్దోళ్లకు ఎట్ల అలవాటు చేసిండ్రు? వాయిస్ మెసేజ్‌లు పెట్టమందామంటే, ఆయన మొదలుపెడితే ఐదు నిమిషాలకు తక్కువ ఆపడు.