‘అఫొషే’ని తెలుగులో ఏమనాలి?

ప్రశ్న:

గ్రూపులోని పెద్దలకు నమస్కారం. బ్రెజిల్‌లోని సాల్వడోర్ కార్నివాల్ మీద తెలుగులో ఒక వ్యాసం రాస్తున్నాను. అక్కడి ‘ఫిల్యుస్ జి గాంధీ’ అనే వాద్య, నృత్య బృందాన్ని ‘అఫొషే’ అంటారట. నేను ‘డప్పుల బృందం’ అని రాశాను. మా ఎడిటర్ గారు దాన్ని ‘భజన మండలి’ అని మార్చారు. నాకు రెండూ సరిపోయినట్టు లేవు. ఏం రాస్తే బాగుంటుందో చెప్పగలరు.

జవాబు:

రెండూ వద్దండి. అఫొషే అనే ఉంచండి. మొదటిసారి వచ్చిన చోట ఒక్క వాక్యంలో అర్థం చెప్పేయండి, చాలు.

ఎందుకంటే ఆ మాటలో డప్పూ లేదు, భజనా లేదు. అది యొరుబా మాట. ఇవాళ్టి నైజీరియా, బెనిన్ దేశాల్లో మాట్లాడే భాష అది. అందులో ‘ఫొ’ అంటే పలకడం, ‘షె’ అంటే జరగడం, నిజం కావడం. ముందు ‘అ’ చేరిస్తే నామవాచకం అవుతుంది. అఫొషే అంటే పలికితే జరిగి తీరే మాట. ఈ భావం మనకు చాలా దగ్గరిది. ‘అలా అనకురా, తథాస్తు దేవతలుంటారు’ అని పిల్లల్ని ఆపే ఇళ్ళు మనవి. ‘ఆయనది వాక్శుద్ధి, అన్నాడంటే అయిపోతుంది’ అంటాం. ‘నీ నోటి చలవ వల్ల’ అంటాం. యొరుబా వాళ్ళు ప్రార్థన చివర ‘అషే’ అంటారు, మనం తథాస్తు అన్నట్టే. పోర్చుగీసులోకి వెళ్ళిన అదే మాట బ్రెజిల్‌లో దీవెనగా, శక్తిగా, ఆఖరికి 1980ల్లో పుట్టిన ఒక పాప్ సంగీతానికి పేరుగా కూడా వాడుకలో ఉంది.

మరి మాట మహిమను చెప్పే పేరు ఊరేగింపుకు ఎలా వచ్చింది? బానిసలుగా బహియాకు, అంటే సాల్వడోర్ ఉన్న రాష్ట్రానికి, చేరిన యొరుబా వాళ్ళు తమ దేవతలను, అంటే ఒరిషాలను, కందోంబ్లె అనే మతంలో నిలుపుకున్నారు. 1888లో బానిసత్వం రద్దయ్యాక, 1890ల్లో సాల్వడోర్ కార్నివాల్‌లో నల్లవాళ్ళ ఆఫ్రికన్ క్లబ్బులు పెద్ద ఎత్తున వీధుల్లోకి వచ్చాయి. 1905లో పోలీసులు ఆ తరహా ఊరేగింపులను నిషేధించారు. కందోంబ్లె గుళ్ళ సంగతి ఇంకా ఘోరం. 1976 దాకా బహియాలో పూజ చేసుకోవాలంటే పోలీసుల దగ్గర నమోదు చేయించుకుని అనుమతి తీసుకోవాలి. నోరు తెరిచి తమ దేవుడి పాట పాడుకోవడానికి పోలీసు కాగితం కావాల్సిన చోట, వీధిలో పాడుతూ నడిచే గుంపు పేరుకు ‘పలికితే జరిగేది’ అని అర్థం ఉంది. నా మటుకు ఈ మాటను మార్చకూడదని చెప్పడానికి ఈ ఒక్క కారణం చాలు. అఫొషేని అక్కడ ‘వీధి కందోంబ్లె’ అని కూడా అంటారు.

ఇక మీరు రాసే బృందం. 1949 ఫిబ్రవరిలో సాల్వడోర్ ఓడరేవు కూలీలు దాన్ని మొదలుపెట్టారు. అంతకుముందు ఏడాదే గాంధీ హత్య జరిగింది. చేతిలో డబ్బు లేదు కాబట్టి దుప్పట్లు ఒంటికి చుట్టుకుని, తువ్వాళ్ళు తలపాగా కట్టుకుని ఊరేగారు. ఆ తెల్ల తలపాగా ఇవాళ్టికీ వాళ్ళ గుర్తు. మెడలో తెలుపు, నీలం పూసల దండలు వేసుకుంటారు. తెలుపు ఒషలాది, నీలం ఒగుంది, ఇద్దరూ ఒరిషాలే. పేరులో గాంధీని ‘ఐ’తో కాక ‘వై’తో రాస్తారు. అధికారుల కంట పడి ఇబ్బంది రాకుండా అలా మార్చారని అక్కడ చెప్పుకుంటారు. 1970ల్లో బృందం బాగా చిక్కిపోయినప్పుడు గాయకుడు జిల్బెర్తు జిల్ వాళ్ళతో కలిసి నడిచి, వాళ్ళ మీద పాట కట్టి మళ్ళీ నలుగురి దృష్టికీ తెచ్చారు. ఆయనే 2003లో బ్రెజిల్ సాంస్కృతిక శాఖ మంత్రి అయ్యారు. ఇప్పుడు కార్నివాల్‌లో వేలమంది తెల్లబట్టల్లో నడుస్తారు.

‘భజన మండలి’ అన్న మీ ఎడిటర్ గారి ఆలోచనకు ఒక ఆధారం లేకపోలేదు. ఒకరు పాట అందుకుంటే మిగతావాళ్ళు వంత పాడతారు. పాటల్లో చాలావాటికి మూలం గుడిలో పాడేవే. కానీ గాంధీ పేరు పక్కన భజన మండలి అని చదివితే మన పాఠకుడు ఏమనుకుంటాడు? బ్రెజిల్‌లో హిందూ భక్తులెవరో రఘుపతి రాఘవ పాడుతున్నారనుకుంటాడు. అక్కడ పాడేది ఒరిషాల పాటలు. ఆ మతాన్ని చెరిపేసి మనది అతికించినట్టు అవుతుంది. నాకు ఇది ఏమాత్రం ఒప్పుకోబుద్ధి కాదు.

‘డప్పుల బృందం’ కూడా కుదరదు. డప్పు పుల్లలతో కొట్టేది, పలచటి చట్రం ఉన్నది. అఫొషేలో ముఖ్యమైనది అతబాకి. నిలువుగా, కిందికి సన్నబడే పొడుగాటి వాద్యం, చేత్తో వాయిస్తారు. అందులో మూడు సైజులుంటాయి: రుం, రుంపి, లె. దానికి తోడు అగొగొ, అంటే రెండు ఇనప గంటలు కలిపిన వాద్యం. ఇంకా షెకెరె: ఎండిన సొరబుర్ర చుట్టూ పూసల వల కట్టి ఊపుతారు. వీటితో పలికే నడక పేరు ఇజెషా, యొరుబా ప్రాంతంలోని ఇజెషా ప్రజల పేరు మీద వచ్చింది. నిదానంగా, ఊగుతూ నడవడానికి వీలుగా ఉంటుంది. ఆ నాట్యంలో భుజాలూ చేతులూ నెమ్మదిగా కదులుతాయి, గంతులుండవు.

పుల్లలతో దద్దరిల్లేలా వాయించేవి వేరే ఉన్నాయి. వాటిని ‘బ్లోకు ఆఫ్రో’ అంటారు. సాల్వడోర్‌లోనే 1974లో లిబెర్దాజి పేటలో పుట్టిన ఇలె అయే, 1979లో పెలోరీన్యు పేటలో పుట్టిన ఒలొదుం ఆ కోవలోవి. నెగీన్యు దు సాంబా అనే వాద్యగురువు ఒలొదుంలో సాంబాను, రెగేను కలిపి కొత్త దరువు తెచ్చారు. 1996లో మైకేల్ జాక్సన్ వీడియోలో వీధి నిండా వాయించింది ఆ బృందమే. మీ వ్యాసంలో ఇవీ వస్తే ‘వాద్య బృందం’ అని నిక్షేపంగా రాయొచ్చు. అఫొషేని మాత్రం వీటితో కలపకండి.

ఇంకో సభ్యురాలి వ్యాఖ్య:

అండీ, హైదరాబాద్‌లో పెళ్ళిళ్ళలో వాయించే మర్ఫా కూడా ఆఫ్రికా నుంచి వచ్చిందే కదా? ‘బ్రెజిల్ మర్ఫా’ అంటే మనవాళ్ళకి వెంటనే అర్థమవుతుందేమో?

జవాబు:

మంచి మాట ఎత్తారు. నిజాం కొలువులోని సిద్దీలు, యెమెన్‌లోని హద్రమౌత్ నుంచి వచ్చిన అరబ్బులు కలిసి నిలబెట్టిన వాద్యం అది. ఏసీ గార్డ్స్ అనే పేట పేరులో ‘ఏసీ’ అంటే ఆఫ్రికన్ కావల్రీ. అయితే సిద్దీల మూలాలు తూర్పు ఆఫ్రికా తీరానివి, బహియాలోని యొరుబా వాళ్ళవి పడమటి ఆఫ్రికావి. సముద్రాలూ వేరు, భాషలూ వేరు. పోలిక చెప్పండి, పేరు మాత్రం అరువివ్వకండి.

రాసే తీరు గురించి రెండు మాటలు. పోర్చుగీసులో అక్కడి ‘ఎక్స్’ని ‘ష’గా పలుకుతారు కాబట్టి ‘అఫొక్సే’ అని రాయొద్దు. ఊనిక చివర పడుతుంది కనుక ‘షే’ దీర్ఘమే మంచిది. అఫొషే అనే పేరుతో చేత్తో తిప్పే ఒక చిన్న పూసల వాద్యం కూడా ఉంది. ‘అఫొషే వాయించాడు’ అని ఎక్కడైనా కనిపిస్తే అది బృందం కాదు, ఆ వాద్యం. ‘ఫిల్యుస్’కి కొడుకులు అని కాకుండా బిడ్డలు అని రాయండి. కందోంబ్లెలో దీక్ష తీసుకున్నవాళ్ళను కూడా ఇదే మాటతో ‘దైవం బిడ్డలు’ అంటారు, ఆ ఛాయ మిగలాలి. బృందంలో నడిచేది మగవాళ్ళే. ఆడవాళ్ళకు 1979 నుంచి ‘ఫిల్యస్ జి గాంధీ’ అని వేరే ఉంది.

నేనైతే మీ వాక్యాన్ని ఇలా రాస్తాను: ‘గాంధీ బిడ్డలు అనేది సాల్వడోర్ ఓడరేవు కూలీలు 1949లో కట్టిన అఫొషే. ఒరిషాల పాటలను అతబాకి, అగొగొ, షెకెరెలతో పాడుతూ, ఆడుతూ వీధిలో నడిచే బృందం. అఫొషే అంటే యొరుబాలో పలికితే ఫలించే వాక్కు.’