పిల్లల చదువు మెరుగుపడితే వడ్డీ రాయితీ: దేన్ని కొలవాలి, ఎలా కొలవాలి?

ప్రశ్న:
తక్కువ ఫీజుల ప్రైవేటు స్కూళ్లకు గదులు కట్టుకోవడానికి లోన్లిచ్చే పథకం ఒకటి తయారుచేస్తున్నాం. పిల్లల చదువు మెరుగుపడితే వడ్డీలో 2 శాతం తగ్గించాలని ఆలోచన. స్కూలుకో తరగతి, సుమారు 25 మంది. ఏడాది మొదట్లో ఒక టెస్టు, చివర్లో ఒకటి. చివరి టెస్టులో 60 శాతం మంది పాసైతే రాయితీ. ఇందులో ఎక్కడ తేడా వస్తుంది?

జవాబు 1:
ముందు ఆ పాస్ గీత తీసేయండి. గీత ఉంటే టీచర్ల దృష్టంతా దానికి కాస్త కిందున్న నలుగురైదుగురి మీదకే పోతుంది. చదవడం రాని పిల్లల్ని ఎవరూ పట్టించుకోరు. పాకిస్తాన్ పంజాబ్‌లో 2005లో మొదలైన ఫౌండేషన్ అసిస్టెడ్ స్కూల్స్ పథకంలోనూ (తక్కువ ఫీజుల ప్రైవేటు స్కూళ్లకు సబ్సిడీ ఇచ్చే పథకం) గీత ఉండేది: మూడింట రెండొంతుల మందికి 40 శాతం మార్కులు రావాల్సి ఉండేది, వరసగా రెండుసార్లు రాకపోతే స్కూలుకి సబ్సిడీ ఆగిపోయేది. మరీ వెనకబడిన స్కూళ్లను కదిలించడానికి అది పనికొస్తుంది. గీత దాటేసిన స్కూలుకి ఇంకా మెరుగుపడాల్సిన అవసరమేముంది?

దాని బదులు అక్షరం, పదం, పేరా, కథ అని మెట్లు పెట్టి, ఏ పిల్లవాడు ఏ మెట్టు ఎక్కినా లెక్కలోకి తీసుకోండి. రాజస్థాన్‌లోని భిల్వాడా జిల్లాలో 2015–18 మధ్య నడిచిన, ఫలితాలు వస్తేనే డబ్బు చెల్లించే ఎడ్యుకేట్ గర్ల్స్ బాండ్‌లో చెల్లింపులో 80 శాతం చదువుకి, 20 శాతం బడిలో చేర్పించడానికి. అక్కడ చూసింది పిల్లల మార్కులు పెరిగాయా అని మాత్రమే కాదు, పథకం లేని ఊళ్లకంటే ఎంత ఎక్కువ పెరిగాయి అని. ఎందుకంటే ఏడాది గడిస్తే పిల్లలు ఎలాగూ కొంత నేర్చుకుంటారు.

జవాబు 2:
25 మంది చాలరండీ. మొదటి టెస్టుకీ చివరి టెస్టుకీ సహసంబంధం (రెండింటి మార్కులు ఎంత కలిసి నడుస్తాయో చెప్పే అంకె) 0.7 అనుకుంటే, మొదటి మార్కుల తేడాల్ని లెక్కలోంచి తీసేశాక కూడా ఒక తరగతి సగటులో అదృష్టం వల్ల వచ్చే పొరపాటు దాదాపు 0.14 స్టాండర్డ్ డీవియేషన్లు (పిల్లల మార్కులు సగటు నుంచి ఎంత చెదిరి ఉన్నాయో చెప్పే కొలత). మెరుగుదల లక్ష్యం అదే కొలతలో 0.15 పెడితే, ఏమీ మెరుగుపడని స్కూలు కూడా ఏడింట ఒకసారి రాయితీ కొట్టేస్తుంది. నిజంగా 0.15 మెరుగుపడిన స్కూలు సగం సార్లు తప్పిపోతుంది. 60 మందిని తీసుకుంటే పొరపాటు 0.09కి దిగుతుంది. రాయితీ కూడా ఇస్తే మొత్తం, లేకపోతే సున్నా అని కాకుండా, పెరిగిన కొద్దీ పెరిగేలా పెట్టండి. అప్పుడు అదృష్టం మీద పడే భారం తగ్గుతుంది.

జవాబు 3:
ప్రైవేటు స్కూల్లో ఇంకో చిక్కుంది: చదువులో వెనకబడ్డ పిల్లవాడికి టీసీ ఇచ్చి పంపేయగలరు. అందుకే మొదటి టెస్టు రోజే పేర్ల జాబితా ఖాయం చేయాలి. మధ్యలో మానేసినవాళ్లు, చివరి టెస్టుకి రానివాళ్లు మెట్టు ఎక్కనట్టే లెక్క. జబ్బు చేసినవాళ్ల కోసం వారంలోపు ఇంకో రోజు పెట్టండి.

మొదటి టెస్టు రాయితీ షరతులు చెప్పకముందే అయిపోవాలి. లేకపోతే కావాలనే తక్కువ రాయిస్తారు. పేపర్లు బయటివాళ్లే తెచ్చి, బయటివాళ్లే తీసుకుపోవాలి. రెండు టెస్టుల్లోనూ నాలుగో వంతు ప్రశ్నలు ఒకటే ఉండాలి, లేకపోతే వాటిని ఒకే కొలత మీదకు తేలేం. ఆ ప్రశ్నలు బయటికొస్తే ఏడాది పని వృథా.

ప్రశ్న అడిగినవారు:
రెండు తరగతులు కలిపి 60 మందిని తీసుకుంటాం. రాయితీ ఏడాది చివర ఇస్తే చాలా?

జవాబు 2:
ఎప్పుడిస్తారన్నదానికంటే ఎవరి చేతికి వెళ్తుందన్నది ముఖ్యం. వడ్డీ తగ్గితే లాభం యజమానిది, పాఠం చెప్పేది టీచరు. ఆంధ్రప్రదేశ్ గ్రామీణ ప్రభుత్వ బడుల్లో ఆర్థికవేత్తలు మురళీధరన్, సుందరరామన్ చేసిన అధ్యయనంలో బోనస్ నేరుగా టీచర్లకే. మొదటి ఏడాది సగటు మార్కుల్లో 5 శాతం దాటి పెరిగిన ప్రతి శాతానికి 500 రూపాయలు. రెండేళ్లకు లెక్కల్లో 0.27, భాషలో 0.17 స్టాండర్డ్ డీవియేషన్ల మెరుగుదల వచ్చింది. టీచర్ల గైర్హాజరు మాత్రం తగ్గలేదు. వచ్చిన రోజుల్లో అదనపు క్లాసులు, ప్రాక్టీసు టెస్టులు పెరిగాయి.

కాబట్టి రాయితీలో కనీసం సగం ఆ రెండు తరగతుల టీచర్ల ఖాతాల్లో పడాలని లోను ఒప్పందంలోనే రాయండి. ఆ రసీదులు చూశాకే మిగతా సగం వడ్డీలో తగ్గించండి.