స్టేడియమా, అకాడమీయా: ఫుట్‌బాల్ క్లబ్బు ముందు డబ్బు ఎక్కడ పెట్టాలి?

ఆఫ్‌సైడ్_ట్రాప్:
మాంచెస్టర్ సిటీ 2014లో 80 ఎకరాల్లో అకాడమీ తెరిచింది. ఖర్చు 20 కోట్ల పౌండ్లు అంటారు. టాటెన్‌హామ్ స్టేడియానికి దాదాపు 100 కోట్ల పౌండ్లయింది. ఇలాంటి ఖర్చు "ఆర్థిక నిబంధనల లెక్కలోకి రాదు" అని ప్రతిచోటా చదువుతున్నాను. రాదంటే ఏమిటి అర్థం? అప్పు అప్పే కదా?

రెండో ప్రశ్న. ఒక మధ్యస్థాయి క్లబ్బు ఈ రెండిట్లో ఒక్కటే చేయగలిగితే దేనితో మొదలుపెట్టాలి? మన దగ్గర హైదరాబాద్ ఎఫ్‌సీ గచ్చిబౌలి ప్రభుత్వ స్టేడియంలో ఆడేది, గోవాలో జరిగిన 2021-22 ఐఎస్ఎల్ (ఇండియన్ సూపర్ లీగ్) గెలిచింది, ఇప్పుడు ఊళ్లోనే లేదు. ఇక్కడి మరో క్లబ్బు శ్రీనిధి డెక్కన్ మాత్రం అజీజ్‌నగర్‌లో సొంత మైదానం కట్టుకుంది. ఆ కోణం కూడా తెలిసినవాళ్లు చెప్పండి.

లెక్కల_పుస్తకం:
అప్పు అప్పే. ముందు చేతిలో ఉన్న డబ్బునీ, నిబంధనల లెక్కనీ విడదీసి చూడండి.

ఇంగ్లండ్ అగ్రశ్రేణి లీగ్ అయిన ప్రీమియర్ లీగ్ పాత నిబంధన ప్రకారం మూడేళ్లలో నష్టం 10.5 కోట్ల పౌండ్లు దాటకూడదు. ఆ నష్టం లెక్క కట్టేటప్పుడు స్టేడియం, శిక్షణ మైదానాల తరుగుదల, అకాడమీ ఖర్చు, మహిళల జట్టు ఖర్చు పక్కన పెడతారు. పుస్తకంలో నష్టం 15 కోట్లు ఉండి, అందులో 5 కోట్లు ఈ పద్దులవే అయితే, నిబంధన దృష్టిలో మీ నష్టం 10 కోట్లే. బయటపడ్డట్టే. అంతమాత్రాన ఖర్చయిన డబ్బు తిరిగి రాదు, బ్యాంకు వాయిదా ఆగదు.

ఎవర్టన్‌కి జరిగింది చూడండి. మూడేళ్ల నష్టం 12.45 కోట్లని తేలింది, అంటే పరిమితి మీద 1.95 కోట్లు ఎక్కువ. 2023 నవంబరులో 10 పాయింట్లు కోశారు, అప్పీలులో అది 6కి తగ్గింది. కొన్ని అప్పుల వడ్డీ నిజానికి స్టేడియం కోసమేనని క్లబ్బు వాదించింది. ఆ అప్పు పత్రాల్లో మాత్రం రోజువారీ నిర్వహణకని రాసి ఉంది. వాదన నిలబడలేదు. అందుకే నిర్మాణానికి తెచ్చే అప్పుకి వేరే ఖాతా, వేరే ఒప్పందం మొదటి రోజు నుంచే ఉండాలి.

ఇక అకాడమీ. 5 కోట్లకి కొన్న ఆటగాడికి అయిదేళ్ల ఒప్పందమిస్తే ఏటా కోటి చొప్పున ఖర్చు రాస్తారు. మూడేళ్ల తర్వాత పుస్తకంలో అతని విలువ 2 కోట్లు. 4 కోట్లకి అమ్మితే లాభం 2 కోట్లు. అదే సొంత అకాడమీ కుర్రాడికి పుస్తక విలువ సున్నా, కాబట్టి 4 కోట్లూ లాభమే. 2023లో సిటీ కోల్ పామర్‌ని చెల్సీకి 4 కోట్ల పౌండ్ల పైచిలుకుకి ఇచ్చినప్పుడు లెక్క ఇలాగే పడింది. అకాడమీలని పెంచాలని పెట్టిన వెసులుబాటే సొంత పిల్లల్ని ముందు అమ్ముకునేలా చేస్తోందన్న విమర్శ ఉంది, నా దృష్టిలో అది సరైనదే.

2026-27 నుంచి ప్రీమియర్ లీగ్ పద్ధతి మారుతోంది. జట్టు మీద ఖర్చు ఆదాయంలో 85% దాటకూడదు. యూరప్ ఫుట్‌బాల్ సంఘం యూఈఎఫ్ఏ పోటీల్లో ఇది 70%. ఈ లెక్కలో స్టేడియం విలువ ఇంకా పెరుగుతుంది, ఎందుకంటే గేటు దగ్గర వచ్చే ప్రతి 100కి 85 దాకా జట్టు మీద పెట్టొచ్చు.

నార్త్_స్టాండ్:
పై లెక్క బాగుంది. స్టేడియం సంగతి నేను చెప్తాను.

ఆర్సెనల్ క్లబ్బు పాత స్టేడియం హైబరీలో 38,419 సీట్లు. 2006లో కొత్త స్టేడియం ఎమిరేట్స్‌కి మారాక 60 వేల పైన. మ్యాచ్ రోజు ఆదాయం ఒక్క ఏడాదిలో 4.4 కోట్ల నుంచి 9 కోట్ల పౌండ్లకి వెళ్లింది. సీట్లు ఒకటిన్నర రెట్లయ్యాయి, ఆదాయం రెట్టింపు దాటింది. తేడా ఎక్కడిదంటే మధ్య అంతస్తులోని సుమారు 7,000 ఖరీదైన క్లబ్ సీట్లు, వాటి పైన బాక్సులు (విడి గదులు). ఎన్ని సీట్లు అన్నదాని కన్నా ఏ సీట్లు అన్నదే అప్పు తీరుస్తుంది. అప్పుని కూడా వాళ్లు 26 కోట్ల పౌండ్ల దీర్ఘకాలిక బాండ్లుగా మార్చుకున్నారు. అయినా ఆ తర్వాత కొన్నేళ్లు మంచి ఆటగాళ్లని అమ్ముకుంటూ నెట్టుకొచ్చారన్నది అభిమానులందరికీ తెలిసిందే.

దీని పక్కన స్పెయిన్ క్లబ్బు వాలెన్సియాని పెట్టి చూడండి. 2007లో కొత్త మెస్తాయా స్టేడియం మొదలుపెట్టారు, 2009లో ఆగింది, మళ్లీ పని మొదలైంది 2025 జనవరిలో. పాత స్టేడియం స్థలం అమ్మి ఆ డబ్బుతో కొత్తది పూర్తి చేద్దామనుకున్నారు, ఈలోగా స్పెయిన్‌లో భూముల ధరలు కూలాయి. ఆర్సెనల్ కూడా హైబరీని ఫ్లాట్లుగా మార్చి అమ్మింది, అదీ అదే మాంద్యంలో. కాకపోతే ఫ్లాట్లు అమ్ముడయ్యే నాటికి వాళ్ల కొత్త స్టేడియం నిండుగా నడుస్తోంది. స్థలం డబ్బు వస్తేనే కాంక్రీటు పడుతుందనే పరిస్థితి ఉంటే పునాది తవ్వకండి.

గడువు ఇంకో గండం. టాటెన్‌హామ్ 2018 సెప్టెంబరులో తెరుస్తామంది, భద్రతా వ్యవస్థల్లో లోపాలు దొరికి 2019 ఏప్రిల్ దాకా అద్దెకి వెంబ్లీ స్టేడియంలోనే ఆడింది. నిర్మాణం అయిపోయినట్టు కనపడ్డా అగ్నిమాపక అలారాలు, వైరింగు పరీక్షల దగ్గర నెలలు పోతాయి. కనీసం అర సీజన్‌కి అద్దె మైదానం డబ్బు పక్కన ఉంచుకోవాలి.

చిన్న స్టాండు కట్టేవాళ్లు తరచు తప్పేది చూపు లెక్కలో. వెనక కూర్చున్నవాడి చూపు ముందువాడి తల మీదుగా ఎంత ఎత్తులో పోతుందన్నది సీ-విలువ. 90 మిల్లీమీటర్లుంటే హాయి, 60 కన్నా తగ్గితే మెడలు సాగదీయాల్సిందే. మెట్టు ఎత్తు 30 సెం.మీ., వెడల్పు 80 సెం.మీ., మొదటి వరుస మైదానం అంచు గీతకి 8 మీటర్ల దూరంలో, అక్కడ కూర్చున్నవాడి కంటి ఎత్తు మైదానం నుంచి 2 మీటర్లు అనుకోండి. ఆ వరుసకి 91 మి.మీ. వస్తుంది. అదే ఎత్తు మెట్లతో 21వ వరుసకి వెళ్లేసరికి 32 మి.మీ. మిగులుతుంది. అందుకే పైకి వెళ్లేకొద్దీ మెట్టు ఎత్తు పెంచుతూ పోవాలి. అన్ని మెట్లూ ఒకే అచ్చులో పోస్తే చౌకే, ఆ తర్వాత సరిదిద్దడం ఉండదు.

బయటికి వెళ్లే దారి కూడా ముందే కట్టుకోవాలి. బ్రిటన్ మార్గదర్శకాల్లో మెట్ల మీద మీటరు వెడల్పుకి నిమిషానికి 66 మంది, అందరూ బయటపడే గడువు గరిష్ఠంగా 8 నిమిషాలు. అంటే 1.2 మీటర్ల మెట్ల దారి 630 మందికే సరిపోతుంది. సీట్లు ఎన్ని వేసినా అనుమతి ఈ సంఖ్య దగ్గరే ఆగుతుంది.

గచ్చిబౌలి సమస్య వేరు. అక్కడ చుట్టూ అథ్లెటిక్స్ ట్రాక్. చూపుకి అడ్డం లేదు కానీ ఆట దూరం. పైగా అద్దె మైదానంలో బాక్సులు, తిండి అమ్మకాలు, స్టేడియానికి స్పాన్సరు పేరు పెట్టే హక్కులు క్లబ్బు చేతిలో ఉండవు.

ఆఫ్‌సైడ్_ట్రాప్:
ధన్యవాదాలు అన్నా. అకాడమీ అంటే పిల్లలు, కోచ్‌లు, నాలుగు బంతులే కదా? సిటీకి అంత డబ్బు ఎందుకైంది?

బెర్ముడా_గడ్డి:
నాలుగు బంతులతో నడుస్తుంది గానీ గడ్డి తట్టుకోదు. ఆరు వయసు బృందాలు, వారానికి నాలుగేసి సెషన్లు, ఒక్కోటి గంటన్నర అంటే 36 గంటలు. ఇసుక పునాది మీద బాగా చూసుకున్న సహజ గడ్డి వారానికి పది పన్నెండు గంటలకి మించి మోయదు. అంటే మూడు పూర్తి మైదానాలు, లేదా ఒక గడ్డి మైదానం, ఒక కృత్రిమ టర్ఫు. సిటీ దగ్గర పదహారున్నర పిచ్‌లు ఉన్నది ఇందుకే. ఆ అర పిచ్ గోల్‌కీపర్లది.

మన నేలలో ఒక గడ్డి మైదానం లెక్క చెప్తాను. ఆట స్థలం 105×68 మీటర్లు, చుట్టూ 3 మీటర్ల ఖాళీతో 111×74, అంటే 8,214 చదరపు మీటర్లు. నల్లరేగడి ఉంటే అది తీసేయాల్సిందే, తడిస్తే ఉబ్బి ఎండితే నెర్రెలిచ్చి పైన వేసిందంతా అలలుగా లేస్తుంది. అడుగున చిల్లుల పైపులు 5 మీటర్లకొకటి, వాటి మీద 10 సెం.మీ. కంకర, దాని మీద 30 సెం.మీ. ఇసుక మిశ్రమం. ఇసుకే 2,460 ఘనమీటర్ల పైన, 10 ఘనమీటర్ల టిప్పర్లయితే దాదాపు 250. కాంట్రాక్టరు కక్కుర్తి పడేది ఇక్కడే. ఒండ్రు కలిసిన ఇసుక దింపితే రెండు వానాకాలాల్లో పైపుల దాకా నీరు దిగడం మానేస్తుంది. కొలత తీసిన నమూనాని ల్యాబుకి పంపి, ప్రతి పదో టిప్పరుని దానితో పోల్చాలి.

ఎండాకాలంలో రోజుకి 5 మి.మీ. నీళ్లంటే 41 వేల లీటర్లు, ఒక్క మైదానానికి. బోరు, నిల్వ ట్యాంకు లేని చోట గడ్డి ప్రణాళిక పెట్టుకోవద్దు. బెర్ముడా గడ్డికి నీడ పడదు, చుట్టూ ఎత్తయిన స్టాండ్లు కడితే అక్కడ పలచబడుతుంది. యూరప్ స్టేడియాల్లో చక్రాల మీద దీపాలు తిప్పేది ఈ కారణానికే. టాటెన్‌హామ్‌లో అయితే గడ్డిని మూడు ముక్కలుగా, ఒక్కోటి 3,000 టన్నులకి పైబడి, స్టాండు కిందికి జరిపేస్తారు. అడుగున ఎన్ఎఫ్ఎల్ (అమెరికన్ ఫుట్‌బాల్ లీగ్) ఆటకి కృత్రిమ మైదానం ఉంటుంది.

టర్ఫు వేస్తే గంటల బాధ తీరుతుంది, వేడి బాధ మొదలవుతుంది. మే నెల మధ్యాహ్నం నల్ల రబ్బరు గుళికలు నింపిన టర్ఫు మీద అరికాళ్లు కాలతాయి. సెషన్లు ఉదయం ఎనిమిదిలోపు, సాయంత్రం అయిదున్నర తర్వాత పెట్టాలి, కాబట్టి ఫ్లడ్‌లైట్ల ఖర్చు తప్పదు. ఆ గుళికల అమ్మకం యూరోపియన్ యూనియన్‌లో 2031 అక్టోబరు నుంచి నిషేధం. కొత్తగా వేసేవాళ్లు బెండు (కార్క్), కొబ్బరి పీచు లాంటి నింపుడు గురించి ఇప్పుడే అడగడం మేలు.

సెకండ్_బాల్:
అకాడమీ గురించి ఒక మాట. లండన్ క్లబ్బు బ్రెంట్‌ఫర్డ్ 2016లో అకాడమీ మూసేసింది. 2012లో వచ్చిన ఇంగ్లండ్ అకాడమీ పద్ధతిలో పిల్లల్ని పెద్ద క్లబ్బు తీసుకెళ్తే ఇచ్చే పరిహారం ముందే నిర్ణయించిన పట్టిక ప్రకారం ఉంటుంది. 9-11 ఏళ్ల శిక్షణకి ఏడాదికి 3,000 పౌండ్లు. లండన్‌లో చుట్టూ పెద్ద క్లబ్బులుండగా చిన్న క్లబ్బు పెంచుతూనే ఉంటుంది, పెద్దవి తీసుకెళ్తూనే ఉంటాయి. దాని బదులు ఇతర క్లబ్బులు వదిలేసిన కుర్రాళ్లతో బి-జట్టు (రెండో జట్టు) నడిపారు. ప్రీమియర్ లీగ్‌కి వచ్చాక 2022లో మళ్లీ అకాడమీ తెరిచారు. చుట్టూ ఎవరున్నారో చూసి నిర్ణయించుకోవాలి.

హైదరాబాద్‌లో, అనంతపురంలో ఆ పోటీ లేదు. ఇక్కడి ఇబ్బంది కాగితాలు. ఫిఫా నిబంధన ప్రకారం అంతర్జాతీయ బదిలీ మొత్తంలో 5% ఆ ఆటగాణ్ని 12 నుంచి 23 ఏళ్ల వరకు తయారు చేసిన క్లబ్బులకి పోతుంది. 12-15 మధ్య ఏడాదికి 0.25%, 16-23 మధ్య 0.5%. మీ దగ్గర 12 నుంచి 15 దాకా నాలుగేళ్లు ఆడినవాడు రేపు 10 కోట్ల రూపాయలకి విదేశానికి వెళ్తే మీ వాటా 10 లక్షలు. ఇది రావాలంటే మీ సంస్థ ఫుట్‌బాల్ సంఘంలో సభ్యత్వమున్న క్లబ్బు అయ్యుండాలి, ఆ పిల్లవాడు ప్రతి సీజనూ మీ పేరు మీద నమోదై ఉండాలి. ఊరికే ఫీజు తీసుకుని నేర్పే కోచింగ్ సెంటరుకి పైసా రాదు.

కాబట్టి ఆఫ్‌సైడ్_ట్రాప్ గారి రెండో ప్రశ్నకి నా వరస ఇది: ముందు భూమి సొంతం లేదా కనీసం 30 ఏళ్ల లీజు, తర్వాత ఒక టర్ఫు, ఒక గడ్డి మైదానం, ఆ గడ్డి మైదానం పక్కనే ఒకే వైపు రెండు వేల సీట్ల స్టాండు. మిగతా మూడు వైపులా ఖాళీ వదిలి, డ్రైనేజీ, కరెంటు లైన్లు మాత్రం ముందే వేసి పెట్టుకోవాలి. మొదటి బ్యాచ్ పిల్లల పుట్టిన తేదీ పత్రాలు మునిసిపాలిటీవో పంచాయతీవో అసలువి తీసుకోండి. స్కూలు రికార్డులో తేదీ ఒకటి, ఆధార్‌లో ఇంకొకటి ఉంటే నమోదు దగ్గరే ఆగిపోతుంది.