‘ట్రేడ్ వాల్యూ’కి మన మాట: కొసరా, మీదా?

మా అబ్బాయి సికింద్రాబాద్ వైఎంసీఏలో బాస్కెట్‌బాల్ ఆడతాడు. ఆమధ్య నెల రోజులపాటు ఇంట్లో అమెరికా బాస్కెట్‌బాల్ లీగ్ ఎన్‌బీఏ ఆటగాడు క్రిస్ పాల్ ‘ట్రేడ్ వాల్యూ’ మీదే గోల. వయసు మీదపడ్డ పాయింట్ గార్డును (జట్టు ఆటను నడిపించేవాణ్ని) ఇంకో జట్టుకు ఇస్తే బదులు ఏమొస్తుందని. దీన్ని తెలుగులో ఏమంటారు? ‘మారకం విలువ’ అన్నాను. “రూపాయి పడిపోయిందా నాన్నా?” అని నవ్వాడు. నలుగురిలో ఆ మాట పెడితే తలా ఒకటి అన్నారు.

— ‘బదిలీ విలువ’ అనండి సార్.

— బదిలీ అంటే సచివాలయం వాసన! పైగా బదిలీలో ఒకడే కదులుతాడు. ఎన్‌బీఏలో చాలామటుకు ఇటువాడు అటు పోతే అటువాడు ఇటు వస్తాడు, జీతాలు కూడా సాధారణంగా ఇంచుమించు తూగాలి. ఒకరకంగా కుండమార్పిడి సంబంధం.

— మా మేనత్తది కుండమార్పిడి పెళ్లే. పిల్లనిచ్చి పిల్లను తెచ్చుకున్నారు. అందులో విలువ కట్టడం ఎక్కడుందండీ?

— అంగట్ల ఉంటది. మాది పాలమూరు దిక్కు. ఎద్దుకు ఎద్దు మార్చుకుంటే, తక్కువ ఎద్దు ఇచ్చేటోడు ‘మీద’ పైసలు పెట్టాలె. మీద ఎవరు పెట్టిండ్రో చూస్తే విలువ తెలుస్తది. 2019ల హ్యూస్టన్ జట్టు పాల్‌ను ఓక్లహోమా సిటీ జట్టుకిచ్చి వెస్ట్‌బ్రూక్ అనే ఆటగాడిని తెచ్చుకుంది. ఇద్దరి జీతం ఇంచుమించు ఒక్కటే. అయినా హ్యూస్టనే మీద రెండు ఫస్ట్ రౌండ్ పిక్కులిచ్చింది (పిక్కంటే ఏటా కొత్త ఆటగాళ్లను ఎంచుకునే వంతు, ఫస్ట్ రౌండ్‌ది మేలైంది), ఇంకో రెండేండ్ల పిక్కులు మార్చుకునే హక్కు కూడా. పాల్‌కు అప్పటికి 34 ఏండ్లు, కాంట్రాక్టు ఇంకా మూడేండ్లుండె. పళ్లు చూసి వదిలించుకున్నట్టే! 2020 నవంబర్‌ల అదే మనిషిని, ఇంకొక ఆటగాడిని జతచేసి ఫీనిక్స్‌కిస్తే, ఓక్లహోమాకు నలుగురు ఆటగాళ్లొచ్చిండ్రు, మీద ఒక ఫస్ట్ రౌండ్ పిక్కు. వయసు ఒక ఏడు పెరిగింది, మీద పెట్టే చెయ్యి మారింది.

— ‘కొసరు’ అంటే సరిపోదా అన్నా?

— కొసరు వేరు తమ్ముడూ. తూకం అయినంక మోండా మార్కెట్ల కూరలామె సంచిలో వేసే రెండు మిరపకాయలు, కరివేపాకు రెబ్బ, అది కొసరు. సెకండ్ రౌండ్ పిక్కుకైతే ఆ మాట నడుస్తది. రెండు ఫస్ట్ రౌండ్లను కొసరంటే కూరలామె కూడా నవ్వుతది.

— చెయ్యి ఎందుకు మారిందో కూడా చెప్పండి మరి.

— ఓక్లహోమాల 70 మ్యాచులాడిండు, ఆ ఏటి మేటి ఆటగాళ్ల ‘ఆల్‌స్టార్’ మ్యాచుకు ఎంపికైండు, కాంట్రాక్టు గడువు తగ్గింది. అటు ఫీనిక్స్ పదేండ్లుగా ప్లేఆఫ్స్ మొఖం చూడలే, బుకర్ లాంటి పిల్లలున్నరు. కొత్త గిత్తకు దుక్కి నేర్పాలంటే పక్కన కాడికి పాత ఎద్దునే కడతరు గదా. 2021ల ఫైనల్స్ దాకా పోయిండ్రు. మిల్వాకీ మీద 4-2తో ఓడిండ్రనుకో.

‘మీద ఎంత’ అని రాసుకున్నానండీ. మావాడికి చెబితే వెంటనే ఎదురు ప్రశ్న: 2023లో గోల్డెన్ స్టేట్ జట్టు పాల్ కోసం జోర్డన్ పూల్ అనే కుర్ర ఆటగాణ్ని ఇచ్చి, మీద పిక్కులు కూడా పెట్టింది. అంటే 38 ఏళ్ల పాల్ అంత విలువా?

— అది పాల్ ధర కాదు సార్. పూల్ పొడుగు కాంట్రాక్టు బరువు నెత్తికెత్తుకున్నందుకు అవతలి జట్టుకిచ్చిన కూలి.