శరత్కాలంలో పువ్వు, వసంతంలో ఆకు: కోల్చికం గురించి తెలిసినవాళ్లు రాయండి

కొండగాలి:
ఆగస్టు చివర్నుంచి అక్టోబరు దాకా ఆల్ప్స్ దిగువన చెమ్మగా ఉండే గడ్డిబయళ్లలో లేత ఊదారంగు పూలు నేలలోంచి నేరుగా లేస్తాయి. పక్కన ఒక్క ఆకు కూడా ఉండదు. జర్మనీలో ఉన్న మనవాళ్లు చాలామంది దీన్ని చూసి కుంకుమపువ్వు అనుకుంటున్నారు. ఇది కోల్చికం ఆటమ్నాలే. అక్కడివాళ్లు హెర్బ్‌స్ట్‌త్సైట్‌లోజే అంటారు. పువ్వు తుంచక్కర్లేదు, వంగి కేసరాలు, అంటే పుప్పొడి ఉండే కాడలు, లెక్కపెట్టండి. ఆరుంటే ఇదే. కుంకుమపువ్వుకి మూడే. కుంకుమపువ్వులో ఒకే కీలం (పువ్వు నడుమ ఉండే ఆడభాగం కాడ) పైకొచ్చి మూడు ఎర్రపోగులుగా చీలుతుంది, దీనికి మూడు కీలాలూ మొదటినుంచే విడివిడిగా ఉంటాయి. పువ్వు, ఆకు, గింజ, దుంప అన్నీ విషమే.

మొలక:
ఈ మొక్క ఏడాది ఎలా నడుస్తుందో తెలిస్తే మిగతావన్నీ అర్థమవుతాయి. పువ్వు కింద తెల్లగా తొడిమలా కనిపించేది తొడిమ కాదు, రేకులన్నీ కలిసిపోయిన గొట్టం. అది నేలలోకి దిగి దుంప దాకా పోతుంది. అండాశయం అక్కడ, 10 నుంచి 20 సెంటీమీటర్ల లోతున ఉంటుంది. కీలాగ్రం మీద పడ్డ పుప్పొడి నాళం అంత దూరమూ కిందికి పెరగాలి. చలికాలమంతా పిందె మట్టిలోనే, మంచు దెబ్బ తగలకుండా దాక్కుంటుంది. వసంతంలో ఆకులు లేచేటప్పుడు కాయను కూడా తమ మధ్య పెట్టుకుని పైకి తెస్తాయి. జూన్, జూలైల్లో కాయ గోధుమరంగుకి తిరిగి పగులుతుంది, ఆకులు ఎండిపోతాయి. గింజ కొసన చిన్న కండ ఉంటుంది, దానికోసం చీమలు గింజను మోసుకుపోతాయి. తడి గింజలు జిగురుగా ఉండి పశువుల గిట్టలకూ అంటుకుంటాయి. ఇక మళ్లీ పూలు లేచేదాకా నేలమీద ఏమీ కనబడదు.

గోంగూరపప్పు:
అసలు ప్రమాదం ఏప్రిల్, మే నెలల్లోనే కదండీ. అప్పుడే అందరూ దీని ఆకులాగే కనబడే అడవి వెల్లుల్లి, అదే బేర్‌లౌఖ్, ఏరుకొచ్చి పప్పులోకీ పచ్చడిలోకీ వేస్తున్నారు. ఆకు నలిపి వెల్లుల్లి వాసన చూస్తే చాలదా?

మొలక:
చాలదండీ. మొదటి రెండు ఆకులు నలిపేసరికే వాసన వేళ్లకి పట్టేస్తుంది. ఆ తర్వాత ఏ ఆకు నలిపినా వెల్లుల్లి వాసనే వస్తుంది. కంటితో చూడాలి. అడవి వెల్లుల్లి ఆకు ప్రతిదానికీ సన్నని కాడ ఉంటుంది, నేలలోంచి ఒక్కోటీ విడిగా వస్తుంది, అడుగుభాగం మెరవదు. కోల్చికం ఆకుకి కాడే లేదు. గట్టిగా, రెండువైపులా మెరుస్తూ, ఒకేచోట నుంచి మూడునాలుగు ఆకులు ఒకదాన్నొకటి పొదివిపట్టుకుని లేస్తాయి. ఆ పొదిని వేళ్లతో విప్పితే లోపల పచ్చికాయ కనబడొచ్చు. కనబడకపోయినా వదిలెయ్యండి, ప్రతి మొక్కా ఏటా కాయదు.

కత్తితో గుప్పెడుగా కొయ్యడం మానండి. రెండు మొక్కలూ పక్కపక్కనే పెరిగేచోట గుప్పెట్లోకి ఒక్క ఆకు వచ్చినా అంతే. ఒక్కో ఆకూ కాడతో తుంచండి, ఇంటికొచ్చాక కడిగేటప్పుడు మళ్లీ ఒక్కోటీ పరిచి చూడండి. ఉడికించినా, వేయించినా, ఎండబెట్టినా విషం పోదు.

మందులషాపు:
విషం పేరు కోల్చిసిన్. గౌట్ అనే కీళ్లజబ్బుకి 0.5 మిల్లీగ్రాముల బిళ్లగా ఇచ్చేది ఇదే. కణం రెండుగా చీలేందుకు కావలసిన సన్నని నాళికల్ని కట్టుకోనివ్వదు. అందుకే వేగంగా చీలే కణాలున్న చోటల్లా దెబ్బ కొడుతుంది: పేగు లోపలిపొర, ఎముకమజ్జ, జుట్టు కుదుళ్లు. తిన్న 2 నుంచి 24 గంటల్లో వాంతులు, నీళ్ల విరేచనాలు. ఆలస్యంగా మొదలవుతాయి కాబట్టి తిండి పడలేదేమో అనుకుంటారు. 24 నుంచి 72 గంటల్లో మజ్జ, మూత్రపిండాలు, గుండె దెబ్బతింటాయి. వాంతులు తగ్గినంత మాత్రాన గండం గడిచినట్టు కాదు. బతికి బయటపడ్డవాళ్లకి తర్వాత జుట్టు ఊడుతుంది. శరీరబరువులో కిలోకి 0.8 మిల్లీగ్రాములు దాటితే బతకడం చాలా అరుదు, అంతకంటే తక్కువకే పోయినవాళ్లూ ఉన్నారు.

అనుమానం రాగానే, లక్షణాలకోసం ఆగకుండా 112కి ఫోన్ చెయ్యండి. మిగిలిన ఆకులు, కూర పారెయ్యకండి, ఆసుపత్రికి పట్టుకెళ్లండి. బొగ్గుపొడి మందు మొదటి గంటల్లోనే పనికొస్తుంది.

పాడిపంట:
పశువుల సంగతి కూడా రాయాలి. మేతలో పెద్ద ఆవులు పచ్చి ఆకుని చాలావరకు తప్పించుకుంటాయి, లేగదూడలకి ఆ తెలివి ఉండదు. ఎండుగడ్డిలో కలిస్తే పెద్దవి కూడా ఏరుకోలేవు. ఎండినా, పాతరేసినా విషం అలాగే ఉంటుంది. పాలలోకీ దిగుతుంది.

తగ్గించాలంటే ఏప్రిల్ చివర, మే మొదట్లో, ఆకులు 20 సెంటీమీటర్లు దాటాక, కాయ పైకి కనబడుతున్నప్పుడు కొయ్యండి. పాత దుంపలోని సత్తువ అప్పటికే ఆకుల్లోకి పోయుంటుంది, కొత్త దుంప ఇంకా నిండి ఉండదు. మరీ ముందు కోస్తే పాత దుంప మళ్లీ చిగురిస్తుంది. జూన్ దాటాక కోస్తే దుంప నిండిపోయి, గింజ రాలిపోతుంది. ఒక్క ఏడాదితో అవదు, మూడునాలుగేళ్లు పట్టుబట్టి చెయ్యాలి. కొద్ది మొక్కలే ఉంటే చేతితొడుగులు వేసుకుని వానపడ్డ మర్నాడు లాగడం మేలు, అప్పుడు నేల వదులుగా ఉంటుంది.

కొండగాలి:
ఒక్క మాటండీ. మిగతా పూలు విత్తనం కట్టాలని చాలా గడ్డిబయళ్లలో మొదటి కోత జూన్ మధ్య దాకా ఆపుతారు. ఆ ఆలస్యమే దీనికి కలిసొస్తుంది. అలాగని బయలంతా ముందే కొయ్యకండి, మిగతా పూలకి అన్యాయం. సెప్టెంబరులో పూలు కనబడ్డచోట కర్రలు పాతుకుని, మేలో ఆ మేరకే కొయ్యండి.

మందులషాపు:
మనవైపు దీని చుట్టం ఉంది: అడవినాభి, అగ్నిశిఖ అని కూడా అంటాం. ఎరుపు పసుపు రేకులు వెనక్కి తిరిగి మంటలా ఉండే తీగ. అదీ కోల్చికం కుటుంబమే, దుంపలోనూ గింజల్లోనూ ఇదే కోల్చిసిన్. పైన రాసిన గంటల లెక్క దానికీ వర్తిస్తుంది. పేరులో నాభి ఉందని వసనాభితో కలపకండి, దాని విషం వేరు, నేరుగా గుండె మీద పనిచేస్తుంది. ఆసుపత్రిలో ఏ నాభి అన్నది స్పష్టంగా చెప్పండి.